గ్లోరీ చేతిలో కొరమీను

గైడు కార్డు మీద నా ఫొటో పోలీసులకి దొరికిపోయిన మనిషిలా ఉంటుంది. ఆ కార్డు మెడలో వేసుకున్న మొదటి రోజే ఫొటోకి తగిన పని చేశాను.

నా పేరు గ్లోరీ. నలభై నాలుగేళ్ళు. వంశధారలో గేలం వేయాలని ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళని నడుం లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి చేప ఎక్కడుందో చూపించాలి. పట్టిన చేపని బతికుండగానే మళ్ళీ ఏట్లో వదిలించాలి. ఇదీ ఉద్యోగం. ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన బెన్హర్ కంచం పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"ఒసే, పట్టిన సేపని ఇడిసీడానికి జీతమేటే? అదేటి మన సుట్టమా?"

నాకూ నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళు నరసన్నపేట బజారులో చేపలమ్మినదాన్ని మరి. పని మా అమ్మ లీలారాణి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. కొరమీను మహా మొండిది, నీళ్ళు లేకపోయినా గంటలకొద్దీ బతుకుతుంది, పట్టుకుంటే జారిపోతుంది. చేతికి బూడిద రాసుకుని పట్టి, నెత్తి మీద ఒక్కటివ్వాలి. నేను రెండోది ఇవ్వగా బజారులో ఎవరూ చూడలేదు. చదువులో రాని పేరు నాకు అందులో వచ్చింది.

పీట మీద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేసి, ఏటి ఒడ్డున గేలం వేసేవాళ్ళ కోసం పృథ్వీరాజ్ గారు పెట్టిన క్యాంపులో వంటకి చేరాను. ఆడవాళ్ళు ఆడ గైడుని అడుగుతున్నారని, ఏరు నాకు తెలుసని, ఆయన నాచేత గరిటె వదిలించి నీళ్ళలోకి దింపారు. తేలిక కర్ర, పొడవాటి దారం, చివర కోడి ఈకలతో కట్టిన బొమ్మ పురుగు. అది విసరడం నేర్చుకున్న మొదటి వారంలో నేను పట్టినవి ఒక తుమ్మ కొమ్మ, నా జాకెట్టు, ఆయన టోపీ.

"సుహాసిని మేడం రెండ్రోజులుంటారు. ఆవిడకి నచ్చితే నువ్వు గైడువి, లేకపోతే మళ్ళీ వంటకే" అన్నారాయన. సరేనన్నాను. కానీ ఆ కార్డు మీద నాకెంత ఆశ ఉందో చూసి నాకే సిగ్గేసింది. చేప ధర తప్ప నన్ను ఎవరూ ఏదీ అడగలేదు అంతవరకూ.

సుహాసిని మేడం హైదరాబాదులో లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దుట్నుంచి విసురుతూనే ఉంది. పది దాటాక, తుంగ పక్క మడుగులో కొరమీను పడింది. ఆవిడ లాక్కుంటూ ఒడ్డుకి తెచ్చి "గ్లోరీ, పట్టుకో!" అని అరిచింది.

పట్టుకున్నాను. పక్కనున్న రాయికేసి ఒక్కటిచ్చాను. తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. పైగా తోక పట్టి ఎత్తి చూపిస్తూ, "కేజీంపావుంటాది మేడం! పులుసా, ఏపుడా?" అని అడిగాను.

ఆవిడ ఫొటో తీద్దామని ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "వదలాలి కదా గ్లోరీ" అంది చిన్నగా. తిట్టినా బాగుండేది.

క్యాంపుకెళ్ళి నేనే చెప్పాను. "నానే సంపీసినాను సారూ." పృథ్వీరాజ్ గారు కార్డు కోసం చెయ్యి చాపారు. వెనక నుంచి మేడం అంది, "రెండ్రోజులన్నారు కదండీ. రేపు కూడా గ్లోరీయే రావాలి." ఆవిడ చేపని మాత్రం ముట్టలేదు. పులుసు నేనే పెట్టాను. బాగా కుదిరింది, అదీ నా ఖర్మ.

మర్నాడు దారి పొడుగునా కొట్టకూడదు, కొట్టకూడదు అనుకుంటూ నడిచాను. సాయంత్రం దాకా ఏమీ పడలేదు. నిజం చెప్పొద్దూ, పడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఎండ తగ్గాక పడింది. చిన్నదే. దగ్గరికొచ్చేసరికి నా కుడిచెయ్యి దానంతటదే లేస్తోంది.

"మేడం, నా సెయ్యి పట్టుకోండి! గట్టిగా!"

ఆవిడ కర్ర చంకలో ఇరికించుకుని నా మణికట్టు పట్టుకుంది. నేను ఎడంచేత్తో నీళ్ళలోనే చేప పొట్ట కింద పట్టాను. ఆవిడ రెండో చేత్తో కొక్కెం తీసింది. దూరం నుంచి చూసినవాళ్ళు దొంగని పట్టుకున్నారనుకుంటారు.

అలిసిపోయిందేమో, చేప కదల్లేదు. నా అరచేతిలో దాని పొట్ట ఆడుతోంది. "ఎల్లు తల్లీ" అన్నాను. కాసేపటికి తోక ఒకసారి ఆడించి, తుంగలోకి వెళ్ళిపోయింది.

ఈ చేతుల్లోకి ఎన్ని వేల చేపలొచ్చాయో నాకు లెక్కలేదు. బతికి వెనక్కెళ్ళింది అదొక్కటే. నడుం లోతు నీళ్ళలో నిలబడి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా ఏడ్చాను.

 మేడం నా చెయ్యి పట్టుకునే ఒడ్డు వైపు చూసి అంది.

"ఎటు నుంచి వెళ్దామో మీరే చెప్పండి, గైడు గారూ."