నక్షాలో లేని వాగు

ఆ గని ఆఫీసులో ఆయన్ని అందరూ రబ్బరు మామ అనేవారు. ఉద్యోగం నక్షాలు గీయడమే గానీ, గీసినదానికంటే చెరిపిందే ఎక్కువ. అది సొరంగాల గని కాదు. పైనున్న మట్టినంతా ఎత్తి పక్కన గుట్టగా పోసి, కింద ఉన్న బొగ్గును ఆరుబయటే తవ్వుకునే గని. ఏటేటా దాని అంచు ముందుకు జరిగేది. జరిగిన మేరకు నక్షాలోంచి ఇళ్లూ బావులూ బాటలూ తీసేయాలి. ముప్పై ఏళ్లలో తొమ్మిది ఊళ్లు ఆయన బల్ల మీద పొట్టు పొట్టుగా రాలిపోయాయి.

"నుదుటి రాత చెరగదంటారు. ఊరి రాతయితే నాకు పది నిమిషాల పని" అని టీ దగ్గర నలుగురినీ నవ్వించేవాడు.

ఆయనకు ఒక్కతే అక్క. తల్లి పోయేనాటికి ఆయనకు ఆరేళ్లు, అక్కకు పదహారు. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది, డ్రాయింగు చదువు చెప్పించింది. పెళ్లి మాట వస్తే "వాడి చదువయ్యాకే" అని ఖరాఖండిగా చెప్పేసింది. ఆ మాట మీద మూడేళ్లు ఆగి ఆమెను చేసుకున్నవాడు బావ. లారీ నడిపేవాడు. నడుం దెబ్బతిని కొన్నేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. వాళ్ల ఇల్లు గనికి తూర్పున, వాగు అవతల, పదమూడిళ్ల వరుసలో చివరిది. ముందు గదిలో అక్క మిషను, వెనక గదిలో బావ మంచం. గనిలో పేలుళ్లు జరిగినప్పుడల్లా అలమారలో గిన్నెలు గలగలమనేవి.

"మీ ఆఫీసువాళ్లు పిలుస్తున్నారు, పలకవేమయ్యా!" అని బావ మంచంలోంచే ఆటపట్టించేవాడు.

రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లున్నాయనగా ఆఫీసుకు కొత్తగా ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఉపగ్రహాలు తీసిన చిత్రాలు చూసి గని ఎటు, ఎంత పెరిగిందో చెప్పడం ఆమె పని. ఒక మధ్యాహ్నం "మామగారూ, ఇలా రండి. మీ సర్వీసంతా ఒక్క నిమిషంలో చూపిస్తా" అని పిలిచి, పాత చిత్రం నుంచి కొత్తదాకా కంప్యూటరులో వరసగా నడిపించింది.

మొదటి చిత్రం నిండా పచ్చదనం, మధ్యలో గోటితో గీరినంత మచ్చ. తర్వాతి దాంట్లో ఆ మచ్చ అరచేయంత అయింది. పోనుపోను పచ్చదనం అంచులకు పారిపోయింది. మెట్లు మెట్లుగా దిగిన గొయ్యి పెద్ద వేలిముద్రలా ఉంది. అడుగున నిలిచిన నీళ్లు ఏ చెరువులోనూ లేని నీలంతో మెరుస్తున్నాయి. చుట్టూ తవ్విపోసిన మట్టి, చెట్టూ చేమా లేని బూడిదరంగు గుట్టలు. తాము ఇంతకాలం పట్నమని మురిసిన ఊరు ఆ గొయ్యి ఒడ్డున చిందిన నాలుగు మెతుకుల్లా కనిపించింది.

"ఏడువందల కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసింది మామగారూ. అంత ఎత్తుకు మనుషులు కనపడరు. మనం చేసింది మాత్రం కనపడుతుంది" అందామె.

ఆయన తెర దగ్గరికి వంగాడు. ముప్పై ఏళ్లూ కాగితాల మీద ముక్కలు ముక్కలుగా చూశాడే తప్ప అంతా ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. కాసేపటికి పనివాడి కన్ను మేలుకుంది. వాగు కోసం వెతికాడు. ఆయన నక్షాలో తూర్పు గుట్టకూ వాగుకూ మధ్య నాలుగు వందల మీటర్ల ఎడం ఉంది. చిత్రంలో ఆ ఎడమే లేదు. గుట్ట పెరిగి పెరిగి వాగు మీద కూర్చుంది. ఎగువన పొడుగాటి నల్లటి మరక.

"ఇదేంటమ్మా?"

"ఆగిపోయిన నీళ్లు. పైగా ఇది ఎండాకాలం చిత్రం. వానలు పడి గుట్ట అడుగు నానిందంటే ఇక నిలవదు. రిపోర్టులో రాసిచ్చాను."

గుట్టకు దిగువన పదమూడు చుక్కలున్నాయి. చివరి చుక్క అక్క ఇల్లు.

వారం తిరక్కుండా సర్వే అధికారి ఆయన్ని గదిలోకి పిలిచాడు. "సర్కారువాళ్లు తనిఖీకి వస్తున్నారు. గుట్ట వాగు మీదుందంటే పని ఆపేస్తారు. నక్షాలో ఆ వాగు తీసెయ్."

"తీసెయ్యడమేంటి సార్? వాగు ఉంది కదా!"

"ఎక్కడుంది? గుట్ట కింద. కనపడనిదాన్ని ఎట్లా గీస్తావు?"

"ఉపగ్రహం చిత్రంలో నీళ్లు కనపడుతున్నాయి సార్. అవతల ఇళ్లున్నాయి. మా అక్క ఉంది."

"అది గుట్ట నీడ. ఆ అమ్మాయికీ అదే చెప్పాను. రెండేళ్లలో రిటైరవుతావు, ఉంటున్నది కంపెనీ ఇంట్లో. ఇప్పుడు కొరివితో తల గోక్కోవడం అవసరమా?"

ఆయన బల్ల దగ్గరికొచ్చి నక్షా పరిచాడు. తర్వాత వాగును చెరిపేశాడు. కింద సంతకం పెట్టాడు.

ఆ ఆదివారం చెప్పేద్దామనే అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె టేపు మెడలో వేసుకుని కొత్త చొక్కాకు కొలతలు తీస్తోంది.

"ఒరే, చెయ్యెత్తు. పొట్ట పెంచావు కదరా!"

"అక్కా, ఈ వానాకాలం బావనీ తీసుకుని మా ఇంటికొచ్చి ఉండరాదూ?"

"ఏం, మీ ఆవిడతో గొడవ పడ్డావా? మధ్యవర్తి కావాల్సొచ్చిందా?"

లోపలినుంచి బావ నవ్వాడు. "నన్ను మోసుకెళ్లడానికి మీ ఆఫీసు మట్టి మోసే డంపరు పంపిస్తావేంటి?"

అసలు మాట ఆయన చెప్పలేదు. చెబితే పదమూడిళ్లకూ తెలుస్తుంది. తెలిస్తే ఎవరు చెప్పారని ఆరా తీస్తారు. వానలు ఈ ఏడు తక్కువే పడొచ్చని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. కాఫీ తాగి వచ్చేశాడు.

వానలు తక్కువ పడలేదు. తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం గుట్ట కదిలింది. అక్క కుట్టిన బట్టలు ఇవ్వడానికి బజారుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి వీధి లేదు. వరుసలో చివరి ఏడిళ్ల మీద రెండు తాటిచెట్ల ఎత్తు బురద. పదకొండు మంది పోయారు. ఎనిమిది మంది శవాలు దొరికాయి. బావది దొరకలేదు.

విచారణ జరిగింది. ముందెన్నడూ పడనంత వాన పడిందనీ, దగ్గర్లో వాగేమీ లేదనీ కంపెనీ వాదించింది. సాక్ష్యంగా నక్షా పెట్టింది. వెనక బెంచీలోంచి రబ్బరు మామ లేచాడు.

"ఆ నక్షా అబద్ధం. వాగు ఉంది. చెరిపింది నేనే. చెరపమన్నది మా అధికారి."

"నేను రాతపూర్వకంగా ఇచ్చానా?" అని అడిగాడు అధికారి.

లేదు. ఇంజనీరమ్మ ఉపగ్రహ చిత్రాలు తెచ్చి చూపించింది. వాగు ఉందని విచారణవాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పుకుని, నక్షాలో పొరపాటు గీసినవాడిదేననీ, ఆ పొరపాటు వల్ల యాజమాన్యం మోసపోయిందనీ తేల్చారు. అంత పెద్ద కంపెనీలో ఉద్యోగం ఊడింది ఆయన ఒక్కడికే. ఇంజనీరమ్మ తనే మానేసి వెళ్లిపోయింది.

అక్కకు కంపెనీవాళ్లు ఒక అద్దె గది ఇప్పించారు. ఆయన వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

"ఆ ఆదివారం వచ్చావే, అప్పటికే తెలుసా?"

"తెలుసు."

అక్క ఏడవలేదు, తిట్టలేదు. కొత్తవాళ్లతో మాట్లాడినట్టు "మీరు ఇక వెళ్లండి" అంది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట ఆయన "మీరు" అనిపించుకోవడం అదే మొదలు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

మరుసటి ఏడు గని తూర్పుకు పెరిగింది. ఇళ్లు ఎలాగూ పోయాయి, మిగిలినవాళ్లు ఖాళీ చేశారు, ఇక అడ్డేముంది? యంత్రాలు ఆ బురదనే ఎత్తి డంపర్లలో పోయడం మొదలుపెట్టాయి. బావ ఎముకలేవైనా దొరికితే కబురు చేస్తామని అక్కకు ఆఫీసువాళ్లు చెప్పారు. ఆమె ఆ కబురు కోసం ఆగలేదు. పొద్దున్నే వచ్చి కంచె దగ్గర నిలబడేది. ఆయనా వచ్చేవాడు, ఇరవై అడుగుల ఎడంగా. యంత్రం బకెట్టు పైకి లేచిన ప్రతిసారీ ఇద్దరూ మెడలు చాచి చూసేవాళ్లు. ఒకరోజు ఎండకు ఆమె తూలితే ఆయన పరుగెత్తుకెళ్లి పట్టుకోబోయాడు. ఆమె కంచె తీగను పట్టుకుని నిలదొక్కుకుంది.

నాలుగు నెలలు అట్లాగే తవ్వారు. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత బొగ్గు తగిలింది.