రాహుకాలంలో కాన్పు

మా బిడ్డకు తొలి కాన్పు కోతతోనే అయింది. అప్పుడు ఆస్పత్రిలో కాగితం ముందుకు తోస్తే వేలిముద్ర వేసినా. అందులో ఏముందో తెలీదు, అడగనూలేదు. ఆ సిగ్గుతోనే తర్వాత అక్షరాలు నేర్చుకున్నా.

రెండోసారి కర్నూలు ఆస్పత్రికి తెచ్చినాం. "ఈసారి కోత వద్దు, నేనే కంటా" అని బిడ్డ పట్టుబట్టింది. పాత కుట్టు బాగానే ఉండాది, చూద్దాం, తేడా వస్తే మాత్రం వెంటనే ఆపరేషనే అనింది డాక్టరమ్మ.

మా వియ్యపురాలికి ఇది నచ్చలే. ఆమెది డోన్‌లో కిరాణా అంగడి. తాళం తీసేదానికి గూడా మంచిగడియ చూసే మనిషి. ఆపరేషనుకని అయ్యవారితో సోమవారానికి ముహూర్తం రాయించుకుంది. నొప్పులేమో శుక్రవారం పొద్దున్నే వచ్చినాయి.

"వదినా, పదిన్నరకు రాహుకాలం. ఆలోపల కోయించేద్దాం. లేదంటే పన్నెండు దాకా ఆపుకోమను."

"నువ్వు పొద్దున చెంబు పట్టుకున్నాక పన్నెండు దాకా ఆపుకుంటావా?" అంటి.

అల్లుడు మందులకు పోయిండాడు. అవసరమైతే ఆపరేషనుకు ఒప్పుకుంటామని సంతకం చేయాలని సిస్టరు నాకు కాగితమిచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటాండా.

"పదీ ఇరవై అయింది, గీకెయ్ వదినా!"

"చదవకుండా గీకను."

ఆమే లాక్కొని గబగబా చదివింది. సగంలో ఆగి కాగితం మళ్లీ నా చేతిలో పెట్టింది. "కుట్టు విచ్చుకుంటే తల్లికీ పిల్లకీ ప్రమాదమంట వదినా."

"నాకూ భయమే. అందుకే గదా లోపల పిల్ల గుండె చూస్తానే ఉండారు."

కాగితం మొత్తం చదివి సంతకం పెట్టినా. ఆమె ఊరుకుంటుందా? రాహువును చల్లబరచాలని కాన్పుగది వాకిట్లో నిమ్మకాయ డొప్పలో దీపం వెలిగించింది.

"ఈడ ఆక్సిజన్ ఉండాది పెద్దమ్మా, అందరం కలిసి పోతాం!" అని సిస్టరు ఉఫ్‌మని ఊదేసింది.

పదకొండుంబావుకు ఆడపిల్ల పుట్టింది. కోత లేదు.

"పన్నెండూ అయిదని రాయమ్మా, నీకు పుణ్యముంటాది" అని వియ్యపురాలు సిస్టరు చెయ్యి పట్టుకుంది.

"పిల్ల ఈడ అరుస్తాంటే పుట్టలేదని ఎట్ల రాసేది?"

ఇంక ఆమె గోడకు తిరిగి కూచుంది. రాహుకాలం పోయేదాకా మనవరాలి మొగం చూడదంట.

నేను లోపలికి పోయినా. బిడ్డ చెమటకు తడిసి ముద్దయి, పిల్లను రొమ్ము మీద పెట్టుకోనుండాది.

"నేనే కంటినిమా! మా అత్త యాడ?"

"బయట గోడ చూస్తాండాది. ఆమె లెక్కన నువ్వింకా కనలే. ఇంకో ముప్పావు గంట నొప్పులు పడు."

నవ్వబోయి అమ్మా అని మూలిగింది. మళ్లీ నవ్వింది.