నేతగాడు, మోసగాడు

సూరత్‌లోని లింబాయత్‌లో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్మే దుకాణం ఉన్నచోట ఒకప్పుడు వీడియో హాలు ఉండేది. హాలు అనడం పెద్ద మాటే. రేకుల కప్పు, కిటికీలకు గోనెపట్టాలు, ముందు ఒక టీవీ, దాని కింద వీసీఆర్, నేల మీద ఒకరి మోకాళ్ళలో ఒకరు ఇరుక్కుని ఎనభైమంది మగ్గాల మనుషులు. టీవీ పక్కన స్టూలు మీద లింగమూర్తి కూర్చునేవాడు. ఇంగ్లీషు సినిమా పడిందంటే తెర మీద వాళ్ళు ఏమంటున్నారో తెలుగులో చెప్పడం అతని వంతు. ఎవరూ అప్పగించిన పని కాదది. ఒకనాడు నోరూరుకోక నాలుగు ముక్కలు చెప్పాడు. ఆ తరువాత చెప్పకుండా ఉంటే జనం ఊరుకోలేదు.

మెట్‌పల్లి పక్క పల్లె నుంచి ఇరవయ్యేళ్ళకే సూరత్ వచ్చినవాడు లింగమూర్తి. పదో తరగతి ఇంగ్లీషు మూడుసార్లు తప్పాడు. అది చెప్పుకోవడానికి ఆయనెప్పుడూ సిగ్గుపడలేదు. "ఒక్కసారి పాసైనోడు పుస్తకం మూసి అటకెక్కిస్తడు. మూడుసార్లు తప్పినోడు మూడుసార్లు సదువుతడు. ఇగ ఇంగ్లీషు ఎవనికి ఎక్కువొస్తది, మీరే చెప్పుండ్రి" అనేవాడు.

వారానికొక రోజు మిషిన్లు ఆగేవి. ఆ రోజు పొద్దున్నే బట్టలు పిండుకొని, గడ్డం గీయించుకొని, మధ్యాహ్నానికల్లా అందరూ ఆ రేకుల కింద చేరేవాళ్ళు. మిగతా ఆరు రోజులూ చెవుల్లో ఖటాఖట్ ఖటాఖట్ మోగే చప్పుడు ఆ రోజు కూడా పోయేది కాదు. అందుకే లింగమూర్తి గొంతు చించుకొని చెప్పేవాడు. బీడీ పొగ, మగ్గం నూనె, కొబ్బరినూనె కలిసిన ఆ వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ, అరవై ఆరేళ్ళ వయసులో, ఆయన ఒక్క క్షణం ఆగి నిలబడతాడు.

ఎన్ని సినిమాలు చెప్పినా జనం మళ్ళీ మళ్ళీ అడిగింది ఒక్కటే. దాని పేరు ఎవరికీ తెలియదు. క్యాసెట్ మీది కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. అందరూ దాన్ని 'వాన లేని పట్నం' అనేవాళ్ళు.

అదొక పట్నం. పట్నమంతటి మీదా ఇనుప కప్పు. కింద మనుషులు, వాళ్ళ మెడల మీద నంబర్లు. ఆకాశం ఎవరూ చూడలేదు. వాన అనే మాట పలకడమే నేరం. పొద్దున సైరన్ కొడితే అందరూ వరసగా నిలబడాలి. గోడంత పెద్ద మొఖమొకటి వెలుగుతుంది. గుండె మీద చెయ్యి వేసుకొని దానికి మొక్కాలి. ఒకనాడు గొట్టాల దగ్గర పనిచేసే బక్కవాడి మీద, కప్పు సందులోంచి ఒక చుక్క పడుతుంది. నాలుక మీద పెట్టుకొని చూస్తాడు. పైన ఇంకేదో ఉన్నదని పక్కవాడి చెవిలో చెబుతాడు. ఆ మాట పట్నమంతా పాకుతుంది. అప్పుడు గోడ మీది మొఖం నోరు తెరిచి, ఉరిమినట్టు ఒక మాట అంటుంది.

మొదటిసారి ఆ మాట వచ్చినప్పుడు హాలంతా లింగమూర్తి వైపు తిరిగింది. అరిగిన టేపు, గరగరలాడే స్పీకరు. ఆయనకు చివరన వినబడ్డది 'వీవర్'. సూరత్‌లో మగ్గం మనిషికి ఇంగ్లీషులో ఒక్క మాటే వస్తుందనుకుంటే అది వీవరే. సేట్ల సంఘం బోర్డు మీద రోజూ కనబడే మాట. లింగమూర్తి స్టూలు మీద లేచి నిలబడి, "మొఖం బుగులు పడుతున్నదిరా! మీలో ఒక నేతగాడున్నడు అంటున్నది!" అని అరిచాడు.

ఈలలతో రేకులు ఎగిరిపోయాయనుకున్నారు బయటివాళ్ళు.

ఆ సాయంత్రం నుంచి చాయ్ బండి దగ్గర వాదం మొదలైంది. ఒకవైపు లింగమూర్తి, ఇంకోవైపు సదానందం. ఇద్దరూ ఒకే కార్ఖానాలో ఎదురెదురు మిషిన్ల మీద పనిచేసేవాళ్ళు. సదానందానికి చదువు రాదు, మీటింగులంటే ప్రాణం. ఎక్కడ ఎర్రజెండా కనబడితే అక్కడ నిలబడి వినేవాడు.

"మెడ మీది నంబరు నంబరు గాదు, యముని పాశం" అనేవాడు లింగమూర్తి. "ఆ మొఖం కలిపురుషుడు. నేతగాడంటే ఎవలు? మన మార్కండేయుని వంశపోడు. యమున్నే ఆపిన వంశం మనది."

"నీకు అంతట దేవుడే గనవడుతడు లింగన్నా. నాకైతే సేటు గనవడుతున్నడు. ఆ ఇనుప కప్పేంది? మన కార్ఖానా రేకులు. ఆ సైరనేంది? మన భోంగ. నంబరేంది? నా మిషిన్ నంబరు ఇరవై రెండు, నీది ఇరవై మూడు. గింత సాఫ్ సాఫ్ చూపిస్తుంటే నువ్వు పురాణం పెడుతున్నవు."

"మరి వాన ఏంది?"

"వాననా? హక్కు."

"వాన హక్కెట్లయితదిరా, వాన వానే!"

ఇద్దరూ ఏ వారమూ ఒప్పుకోలేదు. కానీ ఒక్క మాట దగ్గర మాత్రం ఇద్దరూ కలిసేవాళ్ళు: వచ్చేవాడు నేతగాడు. అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

రెండేళ్ళకు కార్ఖానాలో గొడవ అయింది. పన్నెండు గంటల పాళీ చాలదని ఇంకో గంట కలపబోయాడు సేటు. సదానందం వాకిట్లో ఉన్న, నూలు చుట్టిన పెద్ద బీము మీదికెక్కి, చెయ్యెత్తి అరిచాడు: "సేటూ! మాలో ఒక నేతగాడున్నడు!" ఆ అరుపుతో మిషిన్లు ఆగాయి. ఎనిమిది రోజులు ఆగాయి. ఆ గంట కలవలేదు. కానీ తొమ్మిదో రోజున గేటు మీద సదానందం ఫోటో అంటించి, కింద 'ధోకేబాజ్, వీణ్ణి ఎవరూ పెట్టుకోవద్దు' అని రాయించాడు సేటు. లింబాయత్‌లో ఏ కార్ఖానా తలుపూ అతనికి తెరుచుకోలేదు. చివరికి పల్సానాలో ఒక రంగుల మిల్లులో చేరాడు. పాతికేళ్ళు ఆవిరిలో పనిచేశాడు. ఆ దగ్గు ఇప్పటికీ ఉంది.

మగ్గాలు వదిలేశాక లింగమూర్తి కతర్‌గామ్‌లో ఒక వజ్రాల కార్ఖానాకు వాచ్‌మన్‌గా కుదిరాడు. పన్నెండేళ్ళ కిందట ఒక ఆదివారం పగలు, గేటు గదిలోని చిన్న టీవీలో ఏదో సినిమా వస్తుంటే తల ఎత్తాడు. ఇనుప కప్పు. నంబర్లు. గోడంత మొఖం. హిందీలోకి మార్చిన అదే సినిమా! ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మొఖం నోరు తెరిచింది. హిందీలో, గాజులాగా స్పష్టంగా అన్నది: "మీలో ఒక ధోకేబాజ్ ఉన్నాడు."

వీవర్‌లా వినబడే ఆ ఇంగ్లీషు మాట ఏమిటో ఆఫీసులోని గుమస్తాను అడిగి తెలుసుకున్నాడు. డిసీవర్ అట. మోసగాడు.

ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు. భార్య బుచ్చవ్వ ఏమైందని అడిగితే కడుపు బాగలేదన్నాడు. ఒక్క అక్షరం తాను సరిగ్గా వినుంటే సదానందం బీము ఎక్కేవాడు కాదు. ఎక్కకుంటే పల్సానా లేదు, ఆవిరి లేదు, దగ్గు లేదు. ఈ లెక్క ఆయన పన్నెండేళ్ళు ఒంటరిగా మోశాడు.

ఇప్పుడు సదానందం సూరత్ వదిలి వెళ్ళిపోతున్నాడు. కొడుకు కోరుట్లలో ఇల్లు తీసుకున్నాడు. డాక్టరు కూడా గాలి మార్చమన్నాడు. కూతురు సంగీత మాత్రం ఇక్కడే చీరలు ఆన్‌లైన్లో అమ్మే కంపెనీలో పనిచేస్తోంది. ఆ పిల్లే ఒక సాయంత్రం లింగమూర్తి ఇంటికి ఉరికొచ్చింది.

"కాకా, మిల్ గయా! వాన లేని పట్నం దొరికింది నాకు! హిందీలో మస్త్ సాఫ్ ఉంది. వచ్చే ఐతారం మార్కండేయ వాడీ హాల్ల ప్రొజెక్టర్ పెడుతున్న. బాపు పొయ్యేముందు అందరు పాతోళ్ళు కూసొని చూడాలె. నువ్వు ముందల కుర్చీల కూసోవాలె, హా?"

పిల్ల వెళ్ళాక బుచ్చవ్వ కూరగాయలు కోస్తూనే అన్నది: "గింత మంచి కబురు తెస్తే మొఖం గట్ల పెట్టినవేంది? పన్నెండేండ్ల సంది ఆ సినిమా పేరెత్తితే మాట మారుస్తున్నవు. నాకు తెల్వదనుకున్నవా? ఏం దాసినవో గానీ, ఎవల కాడ దాసినవో వాని దగ్గరికే పొయ్యి చెప్పు. నాకొద్దు."

అందుకని ఆయన సదానందాన్ని డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఇద్దరూ పెళ్ళాం పిల్లలు లేని రోజుల్లో ఎన్నోసార్లు వచ్చిన చోటు. నల్లటి ఇసుక, దూరంగా జరిగిపోయిన సముద్రం, టమాట భజియాలు వేయించే కొట్లు. నాలుగు గంటల ఎండ. సదానందం కాగితం పొట్లం ఒళ్ళో పెట్టుకొని ఊదుకుంటూ తింటున్నాడు.

లింగమూర్తి అంతా చెప్పేశాడు. ఒక్క వరుసలో, మధ్యలో ఆగకుండా. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆయనకు తెలుసు.

సదానందం నమలడం ఆపాడు.

"వీవర్ గాదా?"

"గాదు."

"మోసగాడా?"

"అవ్ సదన్నా."

సదానందం పొట్లం పక్కన పెట్టాడు. "తప్పు విన్నవు. సరే. మిషిన్ల కాడ చెవుడు పట్టిన చెవులు మనయి. దానికి నేనేమంటనే?" అని, ఒక్కసారి ఇటు తిరిగాడు. "పన్నెండేండ్లు! పన్నెండేండ్ల సంది తెల్సి, నా ఇంట్ల అన్నం తిని, నా బిడ్డ లగ్గం నాడు నా పక్కన నిలవడి, చెప్పలేదా? లింగన్నా, నన్ను గింత పిరికోన్ననుకున్నవా?"

లేచి, దగ్గుకుంటూ ఇసుకలో నడిచి వెళ్ళిపోయాడు. లింగమూర్తి వెంట వెళ్ళలేదు. భజియాలు చల్లారిపోయాయి. అరగంటకు సదానందం తిరిగొచ్చి, కూర్చోకుండానే అడిగాడు:

"ఆ మాట ఎవలంటరు? బక్కోడే అంటడా?"

"గాదు, మొఖం అంటది."

"మొఖం. మరి గేటు మీద నా ఫోటో కింద సేటు ఏం రాసిండు?"

లింగమూర్తి తల ఎత్తాడు.

"అదే మాట గదనే" అన్నాడు సదానందం. "గంట కలుపనియ్యనోడు సేటుకు మోసగాడు. వాన ఉన్నదన్నోడు మొఖానికి మోసగాడు. నేను బీమెక్కింది నీ మాట కోసమా? గంట కోసం. నన్ను పల్సానా తోలింది నువ్వే అనుకొని ఏడ్సుకుంట కూసున్నవా గిన్నేండ్లు? గొప్పోనివే!" ఒక్క క్షణం నవ్వొచ్చినట్టే అయింది, మళ్ళీ మొఖం బిగించాడు. "గది వేరే, నువ్వు దాసింది వేరే. నాకొక్కనికి చెప్తే సరిపోదు. హాల్ల ఎనభై మందిమి ఉంటిమి. ఐతారం నాడు నిలవడి చెప్పు."

ఆదివారం మార్కండేయ వాడీలో నలభైమంది దాకా వచ్చారు. కొందరు కర్రల సాయంతో, కొందరు మనవల భుజాల మీద చేతులు వేసి. గోడకు తెల్లటి దుప్పటి కట్టారు. లింగమూర్తికి ముందు కుర్చీ వేశారు గానీ ఆయన అంచు మీదే కూర్చున్నాడు. సదానందం చివరి వరసలో, గోడకానుకొని, ఆయన వైపు చూడకుండా ఉన్నాడు.

సినిమా నడిచింది. పాతవాళ్ళు ముందే మాటలు అందుకుంటున్నారు. చుక్క పడింది. పట్నమంతా గుసగుస పాకింది. మొఖం వెలిగింది. లింగమూర్తి చెయ్యెత్తాడు.

"సంగీతా, జర ఆపు బిడ్డా."

మొఖం నోరు తెరిచి అలాగే నిలిచిపోయింది. ఆయన లేచి, అందరి వైపూ తిరిగి చెప్పాడు. వీవర్ కాదని, తప్పు విన్నానని, తెలిసి దాచానని.

తరువాత మధ్య వరసలోంచి రాజనర్సు అనే పాత మగ్గం మనిషి, "అయితే ఇంగ్లీషుల మూడుసార్లు తప్పింది గిందుకేనన్నమాట!" అన్నాడు. నవ్వులు. ఆ నవ్వుల్లోంచే ఇంకొకరు, "ఏం నవ్వుతరే? పండుగకొకసారి మా పోరగాళ్ళకు గీ కథే చెప్తి, నేతగాడొస్తడని" అని గట్టిగా అన్నారు. ఆ గొంతులో నొప్పి ఉంది. వెనక నుంచి ఒకాయన, వెన్న దొంగ అని పిలిచినంత మాత్రాన కృష్ణుడు దేవుడు కాకుండా పోయాడా అని వాదం లేపాడు. దేవుణ్ణి మధ్యలోకి తేవద్దని మరొకాయన అడ్డం పడ్డాడు. పిల్లలకు ఏం జరుగుతున్నదో అర్థం కాక, "షురూ కరో నా!" అని గోల పెట్టారు.

లింగమూర్తి అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చోవాలో, బయటికి పోవాలో తెలియలేదు. అప్పుడు చివరి వరసలో సదానందం దగ్గు వినిపించింది, తరువాత మాట.

"సంగీతా, సౌండ్ బంద్ చెయ్."

"బాపు, హిందీలనే ఉంది గదా, అందరికీ సమజ్..."

"బంద్ చెయ్ అన్న. ఆయన చెప్తడు."

పిల్ల సౌండ్ తీసేసింది. బొమ్మ కదిలింది. గోడంత మొఖం చప్పుడు లేకుండా నోరాడించింది. నలభైమందీ ఇటు తిరిగారు. లింగమూర్తి దుప్పటి వైపు చూశాడు, నోరు తడి చేసుకున్నాడు.

"మొఖం బుగులు పడుతున్నది" అన్నాడు మెల్లగా. "మీలో ఒక మోసగాడున్నడు అంటున్నది. ఎవలను అంటున్నది? వాన ఉన్నదని చెప్పినోన్ని అంటున్నది..."

"గట్ల ఎందుకంటది?" చివరి వరసలోంచి సదానందం అందుకున్నాడు, వెనకటిలాగే, మాట పూర్తికాకముందే. "సేటు గనక! నేను అప్పుడే చెప్పిన్నా లేదా?"

"నువ్వు జర ఆగు సదన్నా" అన్నాడు లింగమూర్తి, ఈసారి గొంతు పెంచి. "కథ నేను చెప్తున్న గదా."