ఈ జనవరికి ఫిడేలు తెస్తున్నా అక్కా

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున క్యాన్‌బెరాలో, మా గంగాలిన్ దగ్గర ట్రామ్ ఎక్కుతుంటే ఆయేషా ఫోన్ చేసింది. "అంకుల్, మమ్ ఈజ్ గాన్" అంది.

"ఏ మమ్?" అని అడిగాను. అంత తెలివితక్కువగా అడిగాను.

మా షాహీన్ అక్క, ఆయేషా వాళ్లమ్మ. రాత్రి అన్నం తిని పడుకుందట. తెల్లారి లేవలేదు.

దొరికిన ఫ్లైట్ ఎక్కి అడిలైడ్‌లో దిగేసరికి ఖననం అయిపోయింది. చివరి చూపు కూడా దక్కలేదు నాకు.

మీలో చాలామందికి అక్క తెలియదు. అందుకే రాస్తున్నాను.

Y2K రోజుల్లో, అడిలైడ్‌లో, ఆవిడ మా టీమ్ లీడ్. కర్నూలు మనిషి. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం మా పని. తెనాలి నుంచి వచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చున్న నాకు ఆఫీసులో వినపడ్డ మొదటి తెలుగు మాట, "ఏమప్పా, అన్నం తింటివా?"

మా కంప్యూటర్ రూమ్‌లో డెక్లన్ అంకుల్ అని ఐరిష్ పెద్దాయన ఉండేవాడు. స్కూలు సెలవుల్లో సముద్రం పక్కన, సెలవులకి వచ్చినవాళ్లు దిగే ఒక క్యారవాన్ పార్క్‌లో షో చేసేవాడు. ఐరిష్ దయ్యం కథలు, మధ్యమధ్యలో వాళ్ల సంగీతం. కథలు చెప్పే భార్య పోయాక షో ఆగిపోయింది.

ఒకరోజు లంచ్‌లో అక్క కర్నూల్లో వాళ్ల పెరటి బావిలో దయ్యం గురించి చెప్తోంది. అంకుల్ చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. "నువ్వే కావాలి నాకు" అన్నాడు.

అక్క ఊరుకుందా? "వీనికి ఫిడేలొచ్చు, వీన్నీ తీస్కపోదాం" అని నన్నూ పట్టిచ్చేసింది. మా అమ్మ బలవంతాన ఎనిమిదేళ్లు నేర్చుకున్న వయొలిన్ అది.

కొత్త సంవత్సరం వచ్చింది. అందరూ భయపడినట్టు కరెంటు పోలేదు, బ్యాంకులు కూలలేదు. అక్క నవ్వీ నవ్వీ, "రెండేండ్లు లేని దయ్యానికి భయపడి చస్తిమి గదరా! ఇంక ఉండే దయ్యాల సంగతి చూద్దాం పా" అంది.

అలా మొదలైంది మా షో.

జనవరి, ఇక్కడ నడి ఎండాకాలం. సాయంత్రం ఐదు. బయట ఎండ పెళపెళలాడుతోంది. రేకుల హాలు. దయ్యాలకి చీకటి కావాలి కదా, కిటికీలకి దుప్పట్లు కట్టాం. ముక్కుల మీద తెల్ల క్రీమ్ రాసుకున్న పిల్లలు, వాళ్ల వెనక రబ్బరు చెప్పులు వేసుకున్న నాన్నలు. చున్నీ తల మీదికి లాక్కుని, స్టూలు మీద అక్క.

ఆవిడకి బాగా నచ్చిన కథ ఒకటుంది. ఒక ఫిడేలు వాయించేవాడు. వాడి అక్క చనిపోయింది. పండగ సెలవుల్లో వాడు ఫిడేలు తీస్తే చాలు, వచ్చి మూల కుర్చీలో కూర్చుంటుంది. ఎవర్నీ ఏమీ అనదు. ట్యూన్ అయిపోతే వెళ్లిపోతుంది. అది తెలిశాక వాడికి ఆపడానికి చెయ్యి రాలేదు.

ఆ కథంతా వెనకాల నేను వాయిస్తూ ఉండాలి. అక్క చున్నీ సర్దుకుంటే టక్కున ఆపాలి. మొదటి షోలో అలాగే ఆపాను.

ముందు వరుసలో ఒక బుడ్డోడు కెవ్వుమన్నాడు!

అక్క గబగబా దిగి, ఎవరి చిప్స్ పొట్లం దగ్గరో ఉన్న ఉప్పు పిడికిట్లో పోసుకుని, వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి, థూ థూ థూ అంది. బీరు క్యాన్ పట్టుకుని వాళ్ల నాన్న నోరు తెరిచి చూస్తున్నాడు.

పరువు పోయింది అనుకున్నాను. డెక్లన్ అంకుల్ కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "దయ్యాలు దగ్గరికి రాకుండా మా అమ్మ కూడా మా జేబుల్లో ఉప్పు వేసేది" అన్నాడు.

మర్నాటి నుంచి షో అవ్వగానే పిల్లలు దిష్టికి లైను కట్టేవాళ్లు. అందరికీ అయ్యాక చివర్లో నాకు. "వాయించేది నువ్వు, దయ్యం నీ యెంటే వస్తాది" అనేది. ఆ ఉప్పు తీసుకెళ్లి సముద్రంలో కలిపేది. సముద్రంలో ఉప్పు కలపడమేంటక్కా అంటే నెత్తిన ఒకటి మొట్టేది.

మూడు జనవరులు. అంతే.

ఐటీ బూమ్ కాస్తా చల్లబడింది, నా కాంట్రాక్ట్ పోయింది. క్యాన్‌బెరా వెళ్లిపోయాను. పెళ్లి, పిల్లలు, ఇల్లు. వయొలిన్ బీరువా మీదికి ఎక్కింది.

డెక్లన్ అంకుల్ పోయాక కూడా అక్క షో మానలేదు. ప్రతి డిసెంబర్‌లో ఒకటే ఫోన్. "ఏం రా శీనూ, ఫిడేలు తెస్తాండావా లేదా?"

"నెక్స్ట్ ఇయర్ పక్కా అక్కా."

ఇన్నేళ్లూ అదే మాట అన్నాను. సిగ్గుగా ఉంది రాయడానికి. ఎనిమిది వందల డాలర్ల టికెట్టు కాదు, వేరే ఖండం కాదు. గంటన్నర ఫ్లైట్.

రాత్రి ఆయేషా ఒక పాత క్యాసెట్ నా చేతిలో పెట్టింది. దాని మీద అక్క చేతిరాత, తెలుగులో: శీను.

"మమ్ ఎవ్రీ ఇయర్ ఇదే ప్లే చేసేది అంకుల్. షీ సెడ్, వేరే ఎవరూ వద్దు, మా తమ్ముడు వస్తాడు అని."

ఎప్పుడో రిహార్సల్‌లో రికార్డ్ చేసిన నా ట్యూన్. టేపు అయిపోతే, కథలో చనిపోయిన ఆ అక్క వెళ్లిపోయేదట.

వాళ్ల వరండాలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అక్కా, ఈ జనవరికి వస్తున్నాను. ఆయేషా కథ చెప్తానంది, ఇంగ్లిష్‌లో. తీగలు కొత్తవి వేయిస్తాను. వేళ్లు తిరుగుతాయో లేదో తెలియదు, తిరక్కపోతే నువ్వే తిట్టుకో.

మూల ఒక కుర్చీ వేయిస్తాను.

పిల్లలందరికీ ఉప్పు తీస్తాను. నాకు మాత్రం తీసుకోను.

వచ్చి ఒక్క ట్యూన్ విను. ఆ తర్వాత హాయిగా, ప్రశాంతంగా నిద్రపో అక్కా. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.

నీ తమ్ముడు,
శీను