కుళ్ళిన ముక్క, కలిసిన లెక్క

అప్పుడు నేను నారాయణఖేడ్‌లో ఓ ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. మా సారు మేక ఎముకల మీద పరిశోధన చేస్తుండేవారు. పలుచగా కోసిన ముక్కలో ఎముక ఎంత ఉందో నేను మైక్రోస్కోపులో ఎముక పడిన గళ్ళు లెక్కపెట్టి రాయాలి. అదే ముక్కను కంప్యూటర్ కూడా కొలుస్తుంది. రెండు పద్ధతుల్లో ఏది నమ్మదగిందో తేల్చాలి.

ఒకరోజు ఎముకలు దాచిన డబ్బా మూత తీయగానే కుళ్ళు వాసన గుప్పుమంది. పాడవకుండా పోసే మందు సరిగా పోయక అవి కుళ్ళిపోయాయి. సారు వాటినే కోయించారు. గాజు పలక మీద ముక్క చిరిగి, మడతలు పడింది. మడతలకు పట్టిన రంగును కూడా కంప్యూటర్ ఎముకగానే లెక్కేసింది. నా లెక్క అందులో సగం కూడా రాలేదు.

"ఏందమ్మా, గింత తక్కువ రాసినవ్? రెండూ కలవాలె. కంప్యూటర్ లెక్కనే రాయి" అన్నారు సారు.

"కుళ్ళిన ముక్క సార్. కంప్యూటర్ మడతల్ని గూడ బొక్క అంటుంది."

"నువ్వు చెప్తే తప్ప ఎవలకు తెలుస్తది? జల్దీ రాయి."

ఉద్యోగం పోతుందన్న భయంతో రాశాను. బయటికొచ్చి మోరీ దగ్గర వాంతి చేసుకున్నాను.

"ఏమైంది బిడ్డా, వాసన పడలేదా?" అని కాలేజీ ఊడ్చే లక్ష్మక్క నా వీపు నిమిరింది.

"అవునక్కా" అన్నాను. గంటలో అది నా రెండో అబద్ధం. ఆ రోజు నా మీద నాకు కలిగిన రోత ఇప్పటికీ పోలేదు.

– పేరు రాయడం ఇష్టంలేని పాఠకురాలు, నారాయణఖేడ్