అఫిడవిట్టులో ఆవకాయ జాడీ

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో చట్టమంతా నా నాలుక చివర ఉందని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం అమలాపురం మొత్తం మీద నాకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు. మా సీనియర్‌గారు నన్ను 'వాయిదాలమ్మాయి' అని పిలిచేవారు. ఎందుకంటే రెండేళ్ళపాటు ఆయన నా చేత చేయించిన పనల్లా కోర్టులో లేచి నిలబడి వాయిదా అడగడమే. కోటు మాత్రం రోజూ ఇస్త్రీ చేయించేదాన్ని (మా కోనసీమ ఉక్కకి మధ్యాహ్నానికల్లా అది పిండితే నీళ్ళు కారేది, అది వేరే సంగతి). జేబులో సెల్‌ఫోను ఉన్న మనిషిని జనం ఆగి మరీ చూసే కాలం అది. అలాంటి కాలంలో మా మామిడికుదురు బాబాయిగారు, పిన్నిగారు ఒక దత్తత కేసు పట్టుకుని వచ్చారు. అదీ సీనియర్‌గారి దగ్గరికి కాదు, నా దగ్గరికి. "మనింటి పిల్ల ప్లీడరై ఉండగా బయటోళ్ళ దగ్గరికెందుకండీ" అన్నారు పిన్నిగారు. సీనియర్‌గారు నవ్వి, "సరే, ఇది నువ్వే నడుపు, చూద్దాం" అన్నారు. నేను ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత పొంగిపోయాను.

బాబాయిగారంటే మా నాన్నగారికి పినతండ్రి కొడుకు. కొబ్బరితోట, కాస్త వరిచేను, పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. పిల్లల్లేరు. తిరగని ఆస్పత్రి లేదు, అప్పనపల్లి స్వామికి మొక్కని మొక్కు లేదు. చివరికి అమలాపురం పొలిమేరలో ఉన్న పిల్లల ఆశ్రమంలో చిట్టి అనే ఐదేళ్ళ పాప మీద ఇద్దరి ప్రాణాలూ పడ్డాయి. కన్నవాళ్ళెవరో తెలియని పిల్ల కాబట్టి ఆశ్రమం నడిపే పెద్దావిడే (ఆవిణ్ణి అందరూ అమ్మగారనేవారు) సంరక్షకురాలు. అలాంటప్పుడు కోర్టు ముందుగా అనుమతిస్తేనే పిల్లని ఇవ్వాలి. అనుమతి వచ్చాక పిల్లని చేతుల్లోంచి చేతుల్లోకి ఇచ్చిపుచ్చుకోవాలి, ఆ తరవాత దత్తత పత్రం రిజిస్టరు చేయించుకోవచ్చు. జడ్జిగారు కాదంటే చిట్టి ఆశ్రమంలోనే ఉండిపోతుంది. పిన్నిగారేమో అప్పటికే వసారాలో ఉయ్యాల కట్టించేశారు. దాన్ని చూసినప్పుడల్లా, అనుమతి రాకపోతే ఏం చేస్తారా అనుకునేదాన్ని.

విచారణకి వారం ముందు నేను వాళ్ళింటికి వెళ్ళి ఇద్దరినీ అరుగు మీద కూచోబెట్టి తరిఫీదు మొదలుపెట్టాను. "మీ వయసెంత బాబాయిగారూ?" "నలభై నాలుగమ్మా." మగవాళ్ళు ఆడపిల్లని దత్తత తీసుకోవాలంటే ఇద్దరికీ ఇరవయ్యొక్కేళ్ళ తేడా ఉండాలి, ఉంది. "మీకు ఇంకో కూతురు లేదు కదా?" "ఉంటే నీకు తెలీకుండా ఉంటదేంటమ్మా?" "కోర్టులో అలా ఎదురు ప్రశ్న వెయ్యకూడదు. లేదండి అనాలి." "ఆయ్. లేదండి." తరవాత పిన్నిగారు. భార్య సమ్మతి లేకపోతే దత్తత చెల్లదు కాబట్టి, ఇష్టమేనా అని ఆవిణ్ణి అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడ మూడుసార్లు ఏడ్చారు. నాలుగోసారికి "ఇష్టవేనండి" అనగలిగారు. కోర్టులో కన్నీళ్ళు పెట్టుకుంటే ఎలాగండీ అని కసిరాను (నాకు పాతికేళ్ళు, ఆవిడకి నలభై. నా పెద్దరికం అలా ఏడిచింది).

ఇక అఫిడవిట్టులో తొమ్మిదో పేరా. 'ఈ దత్తత నిమిత్తం డబ్బు గాని, మరే ప్రతిఫలం గాని ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వబోము' అని. పిల్లల్ని సరుకులా కొనకుండా, అమ్మకుండా చట్టం వేసిన గట్టు అది. అన్నిటికన్నా ముఖ్యమైన పేరా కూడా అదే. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీర్థం చూపించిన మనిషిని, పిల్లని కొనుక్కున్నారా అని ఏ మొహం పెట్టుకుని అడగను? "మిగతాదంతా మామూలేనండి" అని కాయితం తిప్పేశాను. "నువ్వు రాసేవు కదమ్మా, ఇంక సదవడమెందుకు" అని ఆయన సంతకం పెట్టేశారు. ప్లీడరుకి మొహమాటం అడ్డొస్తే కేసు గోదాట్లో కలుస్తుందని నాకప్పటికి తెలియదు.

జడ్జిగారు ఎక్కడినించో కొత్తగా బదిలీ మీద వచ్చారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరని కోర్టులో చెప్పుకునేవారు. బాబాయిగారు తెల్లపంచె, ఉతికిన చొక్కాతో బోనెక్కి, నేను నేర్పినవన్నీ నేర్పినట్టే చెప్పారు. వయసు, కొబ్బరితోట, లేని కూతురు, అన్నీ. నేను గర్వంగా సీనియర్‌గారి వైపు ఓసారి చూశాను కూడా. అప్పుడు జడ్జిగారు కళ్ళజోడు తీసి, "ఈ పాప కోసం మీరు ఆశ్రమానికి గాని, మరెవరికైనా గాని ఏమైనా ఇచ్చారా?" అని అడిగారు.

బాబాయిగారి మొహం చిన్నబోయింది. మా వైపు ఒకరింటికి వెళ్ళొచ్చిన మనిషిని 'ఏమైనా పట్టుకెళ్ళావా' అని అడిగారంటే అది ప్రశ్న కాదు, ఎత్తిపొడుపు. "ఎంత మాటండి! ఉత్త చేతుల్తో ఎలా ఎళ్తామండి?" అన్నారు. "అంటే, ఇచ్చారా?" "ఆయ్! ఇవ్వకపోవడమేంటండి. ఎళ్ళినప్పుడల్లా బస్తాడు కొబ్బరికాయలండి. చక్కెరకేళి గెలండి. కాపు రోజుల్లో పనసకాయలండి. పిల్లలందరికీ కొత్త బట్టలండి, పూతరేకులండి…" నేను గట్టిగా దగ్గాను. ఆయన నా వైపు తిరిగి, "మంచినీళ్ళు తాగమ్మా" అని మళ్ళీ జడ్జిగారి వైపు తిరిగారు. అక్కడితో ఆగేవారేమో గాని, వెనక బెంచీ మీంచి పిన్నిగారు లేచి, "ఆవకాయ మర్చిపోయేరండీ" అని అందించారు. "ఆయ్, జాడీడు ఆవకాయండి. తమరింటికి కూడా ఓ గెల పంపుదావనుకున్నావండి. మా అమ్మాయే వద్దంది" అని బాబాయిగారు నన్ను చూపించారు.

సీనియర్‌గారు ఫైలుతో మొహం కప్పుకున్నారు (తల పట్టుకున్నారనుకున్నాను, నవ్వుతున్నారని తరవాత తెలిసింది). జడ్జిగారు తొమ్మిదో పేరా పైకి చదివి, "ఇందులో ఏమీ ఇవ్వలేదని ప్రమాణం చేశారు. ఇక్కడ లారీడు సరుకు చెబుతున్నారు. ఏది నిజం?" అన్నారు. "రెండూ నిజవేనండి" అన్నారు బాబాయిగారు. "భోజనాల తరవాత ఆశ్రమం ఆవిణ్ణి విచారిస్తాను. నాకు తృప్తి కలక్కపోతే పిటిషను కొట్టేస్తాను" అని జడ్జిగారు లేచిపోయారు.

వరండాలో బాబాయిగారు, "ఏం తప్పు మాట్లాడేనమ్మా?" అని అడిగితే, అప్పుడు చెప్పాను తొమ్మిదో పేరా సంగతి. ఆయన ముందు నవ్వేశారు. "కొబ్బరికాయలకి పిల్లనిస్తారేంటమ్మా ఎవరన్నా!" అని. కొట్టేస్తానన్న మాట మళ్ళీ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. పిన్నిగారు తెచ్చిన పులిహోర కేరేజీ మూత కూడా తియ్యలేదు. "ఆవకాయ మాట అందించింది నేనే కదే" అన్నారు నాతో, చాలా చిన్న గొంతుతో. "కాదు పిన్నిగారూ, తప్పు నాదే. చదివి వినిపించాల్సింది నేను" అన్నాను. అంటూంటే నాకే ఏడుపొచ్చేసింది. కోర్టులో ఏడవకూడదని వాళ్ళకి పాఠం చెప్పినదాన్ని, అదే కోర్టు వరండాలో నల్లకోటు చేతికి ముక్కు తుడుచుకున్నాను.

మధ్యాహ్నం ఆశ్రమం అమ్మగారు బోనెక్కారు. "తీసుకున్నావండి. ఆవకాయ ఇంకా ఉందండి" అన్నారు ఏ తడబాటూ లేకుండా. "అవి ఇచ్చినందుకే పాపని ఇస్తున్నారా?" "కాదండి. రెండేళ్ళ కిందట వీళ్ళు ఇంకో పాపని అడిగేరండి. అంతా కుదిరేక ఆ పిల్ల మేనమామ వచ్చి, నేను పెంచుకుంటానని తీసుకెళ్ళిపోయేడండి. వీళ్ళింక రారనుకున్నాను. ఆ పై ఆదివారం వచ్చేరండి. గెల దింపి పిల్లలందరికీ పళ్ళు పంచేరు. ఈవిడ ఓ చేత్తో పంచుతానే ఉన్నారు, ఓ చేత్తో కళ్ళు తుడుచుకుంటానే ఉన్నారు. ఆ తరవాత ఏడాదిపాటు ఏ పిల్లనీ అడక్కండా వచ్చేరండి. అప్పటికి చిట్టి మా దగ్గరికి రానేలేదు." ఆ మేనమామ సంగతి నాకు తెలియదు. వారం రోజులు తరిఫీదిచ్చానే గాని, ఒక్కసారైనా వాళ్ళ కథ నేను అడగలేదు.

జడ్జిగారు చాలాసేపు రాసుకుని, చిట్టిని దగ్గరికి పిలిచారు. "వీళ్ళతో వెళ్తావా?" "ఆయ్." "ఇష్టంగానే?" "ఆయ్." "ఎందుకు వెళ్తావు?" చిట్టి వేలితో బల్ల గీకుతూ, "ఉయ్యాలుందంటండి" అంది. జాబితాలోకి ఇంకో ప్రతిఫలం వచ్చి చేరింది అనుకున్నాను. జడ్జిగారు మాత్రం నవ్వారు. నిజంగానే నవ్వారు, పళ్ళు కనపడేలా. "అది పాపకే కాబట్టి ఫరవాలేదు" అని, ఇచ్చినవన్నీ వివరంగా రాసి, అవి పిల్లలందరి కోసమే గాని దత్తతకి బదులుగా కాదని కొత్త అఫిడవిట్టు వెయ్యమన్నారు.

అలా నా ప్లీడరీలో నేను సొంతంగా నడిపిన మొట్టమొదటి కేసు కాయితాల్లో పనసకాయలు, పూతరేకులు, 'ఆవకాయ జాడీ ఒకటి' ఎక్కాయి. ఈసారి ప్రతి ముక్కా చదివి వినిపించాను. "జాడీ మట్టుకు తిరిగిచ్చెయ్యాలని రాయమ్మా, అది మా అమ్మది" అన్నారు బాబాయిగారు. అలా రాస్తే అది బేరమవుతుందని చేతులు జోడించి ఆపాను. ఆ పై వారం అనుమతి వచ్చింది.

రిజిస్ట్రారాఫీసులో అమ్మగారు చిట్టిని ఎత్తి పిన్నిగారి చేతుల్లో పెట్టారు. "ఇచ్చేనమ్మా" అన్నారు. "పుచ్చుకున్నానండి" అనాల్సిన పిన్నిగారు తల మాత్రం ఊపారు. తరవాత సంతకాలు. పిన్నిగారిది ముత్యాల్లాంటి దస్తూరీ. ఆ రోజు మాత్రం ఐదేళ్ళ పిల్లని చంకలోంచి దించకుండా, వొంగి, పెన్ను అందీ అందకుండా పెట్టారు. వంకరటింకరగా వచ్చింది. అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. "సంతకం తేడా పడింది పిన్నిగారూ, రేపెవరైనా పేచీ పెడితే ఎలా? పాపని దింపి సరిగ్గా ఇంకోటి పెట్టండి" అని పావుగంట సతాయించాను. "పెట్టుకోనీవే పేచీ. నేను మట్టుకు దీన్ని దింపను" అన్నారావిడ. నాకు కోపం కూడా వచ్చింది, ఇంత చెప్పినా వినరేమిటని.

ఆ దస్తావేజు నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. సంతకం గీత మీద బయల్దేరి, చివరి అక్షరానికల్లా సాక్షుల పేర్ల మీదికి ఎక్కేసింది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. పక్కన నిలబడి 'దింపండి, దింపండి' అని గీపెడుతున్న ఆ నల్లకోటు పిల్లే గుర్తొస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషి అని కూడా చూడకుండా, పిల్లని ఎత్తుకున్న తొలి పావుగంటంతా పాడుచేసింది మహాతల్లి.