నాయన సందు దారి పట్టిన ఏడాది

బళ్ళారి బజారులో మాకొక చిన్న మ్యాచింగ్ సెంటరు ఉంది. చీరలు అమ్మం. చీర కొన్నాక కావలసినవి అమ్ముతాం: జాకెట్ ముక్కలు, లైనింగు, ఫాల్సు, లంగాలు. తాత పెట్టిన అంగడి. తాత తర్వాత నాయన కూర్చున్నాడు. నేను డిగ్రీ అయిపోయినాక ఒక ఆడిటరు దగ్గర పనికి కుదిరినాను. గాంధీనగర్‌లో బాడిగ ఇంట్లో అమ్మ, నాయన, నేను, ముగ్గురమే ఉంటాం.

ఆడవాళ్ళు కుట్టిన జాకెట్లే ఫోనులో చూసి తెప్పించుకోవడం మొదలయ్యాక మా బేరాలు పలచబడినాయి. కాలేజీ పిల్లలు చీర జోలికే పోరు. అంతలో అంగడి గల ఆసామి బాడిగ పెంచినాడు. ఒక ఆదివారం భోజనం అయిపోయినా నాయన కంచం ముందు నుంచి లేవలేదు. చేతికంటిన అన్నం ఎండిపోతోంది.

"ఇట్లయితే జరగదు. యాడ తగ్గించొచ్చో చూడాల" అన్నాడు.

మొదట్లో అది మాకు కష్టంగా అనిపించలేదు. అమ్మ పప్పు పొద్దున్నే నానబెట్టి, మధ్యాహ్నం కుక్కరు ఒక్క కూతకే దించేది. సిరుగుప్ప మిల్లు నుంచి బియ్యం మూట బస్సు మీద వేయించుకున్నాం, బజారు ధర కన్నా బాగా తక్కువకొచ్చింది. కేబులు తీసేయించినాం, పేపరు ఆపేసినాం. నాయన స్కూటరు అమ్మేసి నడవడం మొదలుపెట్టినాడు. నేను ఆటో మాని సిటీ బస్సెక్కినాను. నెల తిరిగినా గ్యాసు అయిపోలేదని అమ్మ సిలిండరు అటూ ఇటూ ఊపి చూసి, "ఇంకా ఉండాది!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాయన కూడా నవ్వినాడు.

ఆ తర్వాత నాయనకు అదొక పట్టుదల అయిపోయింది. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించేవాడు. ఇంట్లో ఎవరన్నా గది దాటితే వెనకాలే వెళ్ళి ఫ్యాను ఆపేవాడు. అంగట్లో సగం ట్యూబులైట్లు తీసేసినాడు. రంగు చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ముక్క పట్టుకుని గడప దాకా పోవాల్సి వచ్చేది. "ఏమన్నా, కరెంటు పోయిందా?" అని ఒకామె అడిగితే, "పగటి వెలుతురులో అయితేనే రంగు సరిగ్గా తెలుస్తాదమ్మా" అన్నాడు. అది నిజమే. కానీ ఆమె మళ్ళీ రాలేదు.

ఒకరోజు తన ఫోనుకు రీచార్జి వద్దన్నాడు.

"నాకెవురు చేస్తారు? అంగట్లో స్కాన్ చేసిన డబ్బులు నీ ఫోనుకే వస్తాయి. ఇంటి పని ఏదన్నా ఉంటే మీ అమ్మకు ఉండాది గదా ఫోను."

మూడు రీచార్జీల్లో ఒకటి తగ్గింది.

నాయనకు ఒక స్నేహితుడు ఉండేవాడు. మిషన్ స్కూల్లో డ్రాయింగ్ నేర్పి రిటైరైన మేష్టరు. మేము గుడికి పోయేవాళ్ళం, ఆయన చర్చికి పోయే మనిషి, అయినా నాకు తెలివి వచ్చినప్పటి నుంచీ వాళ్ళిద్దరి పొద్దు ఒకే చోట మొదలయ్యేది. అంగడి తీయకముందు బజారు మూల మీది హోటల్లో ఒక ప్లేటు ఇడ్లీ, ఒకే కాఫీని చెరిసగం పోసిచ్చే బై టూ. ఒకనాడు డబ్బులు ఆయన ఇస్తే మరునాడు నాయన ఇచ్చేవాడు. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. నాయన ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాటలన్నీ అక్కడే అయిపోతాయని అమ్మ అనేది.

ఒక పొద్దున ఆఫీసుకు పోతూ నేను కూడా నాయనతో నడిచినాను. మూల రాకముందే ఆయన పక్క సందులోకి తిరిగినాడు. మిరప్పొడి ఆడించే మిల్లు ఉన్న సందు అది. ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి.

"ఇట్లెందుకు నాయనా? రోడ్డయితే దగ్గర గదా."

"ఈడ నీడ ఉండాది."

నీడ ఎక్కడా లేదు. సందు చివర వెనక్కి తిరిగి చూస్తే హోటలు కనిపిస్తోంది. మేష్టరు హోటలు ముందరి బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. నాయన తల వంచుకుని నడుస్తున్నాడు. తిరిగి ఇవ్వలేని చోట తినగలిగే మనిషి కాదు ఆయన. పైసలు లేవని చెప్పగలిగే మనిషీ కాదు.

కొన్నాళ్ళకు ఒక శనివారం నేను అంగట్లో ఉండగా మేష్టరే వచ్చినాడు. చెప్పులు విడిచి గడప మీద కూర్చున్నాడు.

"ఏమప్పా శెట్టీ, కోపమా నా మీద?"

"ఛ, కోపమేంది మేష్ట్రూ. డాక్టరు కాఫీ మానెయ్యమన్నాడు."

"షుగరా?"

నాయన తలూపినాడు.

"నాకు చెప్పొద్దా మరి? చక్కెర లేకుండా తాగుదాం. అది కూడా వద్దంటే ఉట్టిగానే వచ్చి కూర్చో. నేను తాగుతాంటే చూద్దువు."

"పొద్దున్నే అంగడి తీస్తాండా మేష్ట్రూ. బేరాల టైము..."

మేష్టరు అంగడి చుట్టూ చూసినాడు. మేము ముగ్గురం తప్ప ఎవరూ లేరు. తీసేసిన ట్యూబులైట్ల వైపు కూడా చూసినాడు.

"సరే, మా యామెకు లంగా ఒకటి ఇయ్యి. రంగు నువ్వే చూడు."

నాయన తీసిచ్చినాడు. ఎప్పుడూ అడిగి అడిగి తగ్గించుకునే మేష్టరు ఆ రోజు ధర అడగలేదు. స్కాన్ చేసి, అట్ట మీద ఎంత రాసి ఉంటే అంత వేసినాడు. "ఎందుకు మేష్ట్రూ, మనలో మనకు..." అని నాయన చేయి అడ్డం పెడితే, "బిడప్పా", పోనియ్యప్పా అని కన్నడంలో ఒక్క మాట అని సంచీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయినాడు. నాయన చాలాసేపు ఆ లంగాల అరనే సర్దుతూ నిలబడినాడు.

ఆ తర్వాత వానలు పట్టినాయి. నాయన గొడుగేసుకుని ఆ సందులోనే పోయి వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం అంగడికి ఒకామె వచ్చి తెల్ల జాకెట్ ముక్క అడిగింది. నాయన రకరకాల తెలుపులు పరిచినాడు.

"ఏదైనా పర్వాలేదన్నా. ఈ రాత్రికే కుట్టించుకోవాల, రేపు చర్చిలో జ్ఞాపక కూటం ఉండాది."

"ఎవురిదమ్మా?"

"మా డ్రాయింగ్ మేష్ట్రుది. పోయినారు గదా. మీకు తెలీదా?"

ఇది నాకు నాయన చెప్పింది కాదు, పక్క అంగడాయన చెప్పినాడు. నాయన ముక్క కత్తిరించి, మడిచి, ఆమె చేతిలో పెట్టి, డబ్బులు తీసుకోకుండా షట్టరు దించేసినాడట. నడిచి ఇంటికొచ్చి, తడిసిన బట్టలతోనే మంచం మీద కూర్చున్నాడు. అమ్మ ఫోను చేస్తే నేను ఆఫీసు నుంచి వచ్చేసినాను.

సాయంత్రం నేనూ నాయనా మేష్టరు ఇంటికి పోయినాం. మిషన్ కాంపౌండు వెనకాల రెండు గదుల ఇల్లు. గోడ మీద ఆయన వేసిన బళ్ళారి గుట్ట బొమ్మ ఉంది. ఆయన భార్య మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి తాను మంచం అంచున కూర్చుంది.

"గుండె నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో నాలుగు దినాలున్నాడన్నా. నీకు ఫోను చెయ్యమని ఒకటే పోరు. ఎప్పుడు చేసినా ఈ నంబరు పనిచెయ్యడం లేదనే వస్తాండింది. నంబరు మార్చినాడేమో, నాకు చెప్పలేదే అన్నాడు."

నాయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"అంగడికి మనిషిని పంపిస్తానంటే వద్దన్నాడు. బేరాల టైములో ఎందుకు పిలిచేది, వాడు ఇప్పటికే కష్టంలో ఉండాడు అన్నాడు."

నేను నాయన ముఖం వైపు చూడలేకపోయినాను. మేష్టరుకు అన్నీ తెలుసు. ఆ రోజు అంగట్లోనే తెలిసింది. తెలిసీ ఆ మాట నాయన ముందు ఎత్తలేదు.

"ఫోను చెడిపోయిందమ్మా" అన్నాడు నాయన.

ఆమె, "అట్లనా" అంది. "అదే ఉంటాదని నేనూ చెప్పినాను ఆయనకు."

బయటికొచ్చినాక నేను ఆగలేకపోయినాను.

"నిజం చెప్పుంటే పోయేది గదా నాయనా."

"ఏమని చెప్పేది? సగం కాఫీకి లెక్క చూసుకున్నానని చెప్పేదా ఆ యమ్మకు?"

రోడ్డు మీదే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడినాడు. నాయన ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక పక్కనే నిలబడినాను. మా పక్క నుంచి కుడతిని థర్మల్ ప్లాంటు నుంచి తిరిగొచ్చే పనివాళ్ళ బస్సు హారన్ కొడుతూ పోయింది.

మరుసటి రోజు కూటానికి నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయినాడు. చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాడట. మేష్టరు గురించి తెలిసినవాళ్ళు రెండు మాటలు చెప్పండని పాస్టరు పిలిచినప్పుడు నాయన లేచి నిలబడి, మాట రాక మళ్ళీ కూర్చున్నాడని అక్కడికి పోయినవాళ్ళు చెప్పినారు.

ఇప్పుడు మా అంగడి సగమే మాది. మిగతా సగం మొబైలు కవర్లు అమ్మే ఒకాయనకు ఇచ్చినాం, బాడిగ ఇద్దరం పంచుకుంటాం. ఆయన వైపు రంగురంగుల దీపాలు వెలుగుతుంటాయి. నాయన మూలన లైనింగు తానుల మధ్య కూర్చుని ఉంటాడు. బేరం వస్తే లేస్తాడు, లేకుంటే లేదు. నా జీతం కొంచెం పెరిగింది. ఖర్చులు తగ్గించడం అలవాటైపోయింది కాబట్టి నెలాఖరుకు ఎంతో కొంత మిగులుతోంది. మేము మొదట అనుకున్నది నెరవేరింది.

పోయిన నెల అమ్మ కాస్త ధైర్యం చేసి, "డ్యాము నిండిందంట. ముగ్గురం బస్సులో పోయి చూసొద్దామా?" అంది.

నాయన ఆమె వైపు చూసినాడు. కోప్పడలేదు.

"మీరు పోయి రాండి" అన్నాడు.

అమ్మ ఇంక ఆ మాట ఎత్తలేదు. మేము కూడా పోలేదు.